తాలాబ్‌కట్టలో అద్దె లెక్క

షాబాన్ నెల సగం గడిచి మదర్సాకు వార్షిక సెలవులు ఇవ్వగానే కర్నూలులో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదుకు బయలుదేరాను. చూడవలసినవి చూసి రావడానికి కాదు, ఒక ఇంటి అద్దె పెంచి రావడానికి.

మా మామగారు, అల్లాహ్ ఆయనను కరుణించుగాక, పాత నగరంలోని తాలాబ్‌కట్టలో రెండు పోర్షన్ల చిన్న ఇల్లు వదిలి వెళ్ళారు. అత్తగారు అంతకు ముందే గతించినందున వారసులు ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు మాత్రమే. షరీఅత్ ప్రకారం ఆరు వాటాలు. అందులో ఒకటి నా భార్యది. బావమరుదులిద్దరూ జిద్దాలో ఉంటారు. వదినగారి కుటుంబం పూనాలో స్థిరపడింది. సెలవుల్లో తీరిక ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే గనుక బాధ్యత నా మీద పడింది. "ఆ వీధిలో ఇప్పుడు ఏడు వేలు నడుస్తోంది. మన ముందు పోర్షన్ వాళ్ళు ఇంకా నాలుగున్నర వేలే ఇస్తున్నారు. పైగా రెండు నెలల బాకీ. మీరు ఆలిములు, మీ మాట కాదనరు. ఒకసారి వెళ్ళి చెప్పి రండి" అని పెద్ద బావమరిది ఫోనులో కోరారు.

నేను ఇరవై ఆరేళ్ళుగా మదర్సాలో ఫిఖ్హ్ బోధిస్తున్నాను. ఖుదూరీ గ్రంథంలోని 'ఇజారా' అధ్యాయాన్ని ప్రతి సంవత్సరం చెబుతాను. ఇల్లు అద్దెకు ఇవ్వడం, పొలం కౌలుకు ఇవ్వడం, స్వారీకి పశువును ఇవ్వడం, పాలిచ్చే దాయీని నియమించుకోవడం, పనివానిని కూలికి పెట్టుకోవడం, ఇవన్నీ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉంటాయి. ఇంటికి కట్టే అద్దె, పనికి పుచ్చుకునే కూలి రెండింటికీ అక్కడ ఒకే పదం: ఉజ్రత్. ఇన్ని సంవత్సరాలలో ఈ రెండూ ఒకే గడప లోపల ఎదురెదురుగా నిలబడతాయన్న ఊహ నాకు రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. పెళ్ళయిన నాటి నుండి మదర్సా ఆవరణలోని గదులలోనే ఉంటున్నాను. నా జీతం తక్కువే కావచ్చు గాని, నేను నా జీవితంలో ఒక్క నెల కూడా అద్దె కట్టలేదు.

రాత్రికి కాచిగూడలో దిగి బంధువుల ఇంట బస చేశాను. మరునాడు ఉదయం అఫ్జల్‌గంజ్ వరకు బస్సులో వెళ్ళి, అక్కడి నుండి నయాపూల్ వంతెన మీదుగా నడిచాను. పాత నగరంలోకి నడిచి వెళ్ళడం నాకు విద్యార్థి దశ నుండి అలవాటు. వంతెన కింద మూసీ నల్లగా, సన్నగా పారుతోంది. 1908 సెప్టెంబరు 28న ఈ నదే రెండు తీరాలనూ ముంచివేసి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టించడం పాఠకులకు తెలిసిన సంగతులే. అంతగా తెలియని సంగతి మరొకటి ఉంది. 1912లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అనే సంస్థను నెలకొల్పింది. గాలీ వెలుతురూ లేక రోగాలు ప్రబలే ఇరుకు బస్తీలను తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. అయితే తొలగించి ఊరుకోలేదు, పేదలకూ చిరుద్యోగులకూ తక్కువ అద్దెకు ఇళ్ళు కట్టించి ఇచ్చింది. రెడ్‌హిల్స్‌లో, ఖైరతాబాద్‌లో సి.ఐ.బి. క్వార్టర్స్ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు కూడా ఆ బోర్డు కట్టించినవే. ఆ కమానులను నేటికీ అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఆ అద్దె ఇళ్ళను చూడడానికి మాత్రం ఎవరూ వెళ్ళరు.

నయాపూల్ దాటగానే మదీనా బిల్డింగ్ వస్తుంది. బట్టల దుకాణాలు, హలీం కోసం రమజాన్‌లో బారులు తీరే జనం, ఇవే దీని ప్రసిద్ధికి కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది వక్ఫ్ భవనం. అరేబియాలో చమురు సంపద ఇంకా రాని రోజులలో, ఈ దుకాణాల అద్దెలు మదీనా నగరంలోని పేదలకోసం, యాత్రికులకోసం వెళ్ళేవని పాత నగరంలో పెద్దవాళ్ళందరూ చెబుతారు. హైదరాబాదులో కూడబెట్టిన అద్దె మదీనాలో అన్నమయ్యేదన్నమాట. అలాగే మక్కాలో హరమ్ సమీపాన నిజాం రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాద్ సంస్థానానికి చెందిన జిల్లాల హాజీలకు, అంటే నేటి తెలంగాణతోపాటు మహారాష్ట్ర, కర్ణాటకలలో కలిసిన జిల్లాల వారికి కూడా, అందులో అద్దె లేకుండా బస లభిస్తుంది. మా కర్నూలు ఆ సంస్థానంలో లేదు గనుక మాకు ఆ భాగ్యం లేదు. హజ్ కాలంలో మక్కా ఇళ్ళకు హాజీల నుండి అద్దె తీసుకోవడాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మక్రూహ్‌గా భావించారని మా గ్రంథాలలో చదువుకున్నాం. హజ్రత్ ఉమర్ (రజి) ఆ రోజుల్లో మక్కా ఇళ్ళకు తలుపులు బిగించవద్దని ఆదేశించినట్లు ఉల్లేఖనాలున్నాయి. పొరుగూరి నుండి వచ్చిన మనిషికి నీడ ఇవ్వడం గురించి మన పెద్దలు ఎంత దూరం ఆలోచించారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ ఆలోచనతో పుట్టిన వక్ఫ్ ఆస్తుల నేటి స్థితి మాత్రం వేరు. 2006లో సచార్ కమిటీ నివేదిక దేశంలో దాదాపు 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు నమోదై ఉన్నాయనీ, వాటి మార్కెట్ విలువ సుమారు 1.2 లక్షల కోట్లనీ చెప్పింది. వాటి నుండి వచ్చే రాబడి మాత్రం ఆ విలువ ముందు లెక్కకు రానంత. తాతల నాటి అద్దెకే నడిరోడ్డు దుకాణంలో కూర్చున్న వ్యాపారి ఉంటాడు, అతని దుకాణంలో అమ్ముడుపోయే గాజును చేసినవారు ఊరి చివరకు పోతుంటారు. ఆ సంగతి నాకు ఆ రోజు మధ్యాహ్నం తెలిసింది.

చార్మినార్ దగ్గర లాడ్ బజార్ సందడిగా ఉంది. రమజాన్ ఇంకా రెండు వారాలు ఉండగానే పండుగ సరుకు దిగుతోంది. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుల తోరణాల కింద ఆ మాట రాసిన బోర్డులు కూడా కనిపించాయి. మా అమ్మాయి కోసం ఒక జత కొన్నాను. దుకాణదారు ఐదు వందలు చెప్పి మూడు వందల యాభైకి ఇచ్చాడు. బేరం బాగా ఆడానని సంతోషించాను.

అక్కడి నుండి తూర్పుగా, కోట్లా అలీజా మీదుగా తాలాబ్‌కట్టకు నడిచాను. తాలాబ్ కట్ట అంటే చెరువు గట్టు. మీర్ జుమ్లా తాలాబ్ అనే చెరువు ఒకప్పుడు ఇక్కడ ఉండేది. ఇప్పుడు చెరువు లేదు, గట్టు పేరు మిగిలింది. చెరువు ఉన్న చోట ఇళ్ళు నిండిపోయాయి. సందులో ఎదురుగా స్కూటరు వస్తే గోడకు ఆనుకుని నిలబడాలి. ప్రతి నాలుగో తలుపు వెనుక బొగ్గుల వేడి, కరిగిన లక్క వాసన.

ఇంటి ముందు పోర్షన్ ఒక గది, ఒక వంటగది, ఉమ్మడి నీళ్ళగది. భర్త దగ్గరలోని కార్ఖానాలో గాజుల పనివాడు. లక్కను కుంపటి మీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి అతికించడం అతని పని. భార్య ఇంటి దగ్గరే గాజుల మీద రాళ్ళు పొదుగుతుంది. గది మధ్య చిన్న కుంపటి, దాని మీద రేకు, రేకు మీద గాజు. వేడి తగ్గకముందే ఒక్కొక్క నగీనాను పట్టకారుతో తీసి అద్దాలి. ఎక్కువ వేడి తగిలితే గాజు వంకర పోతుంది, తక్కువైతే రాయి ఊడిపోతుంది. ఆమె నన్ను చూసి దుపట్టా సరిచేసుకుని, పని ఆపకుండానే సలాం చేసి, "కూర్చోండి మౌలానా సాబ్, ఈ ఒక్కటి పూర్తి చేయకపోతే పాడవుతుంది" అంది. ఉర్దూలో జరిగిన సంభాషణను తెలుగులో రాస్తున్నాను. భర్తకు కబురు పంపింది. అతను వచ్చి చాప మీద నాకు దూరంగా కూర్చున్నాడు. అతని చూపుడువేలు, బొటనవేలు కొసలు నున్నగా గట్టిపడి ఉన్నాయి.

మా ఇళ్ళలో అతిథి వచ్చిన వెంటనే అసలు విషయం ఎత్తకూడదని పెద్దలు నేర్పారు. టీ వచ్చింది. పిల్లల చదువులు అడిగాను. పెద్దవాడు ఏడవ తరగతి, ఇద్దరు ఆడపిల్లలు ఇంకా చిన్నవాళ్ళు. టీ తాగడం అయ్యాక ఇక చెప్పక తప్పలేదు.

"ఏడు వేలా?" అన్నాడు అతను. కోపంగా కాదు, సరిగా వినబడలేదన్నట్టు.

నేను లెక్క అడిగాను. మదర్సాలో కూడా విద్యార్థులకు లెక్క వేసి చూపమని చెప్పే అలవాటు నాది. అతని కూలి రోజుకు ఐదు వందలు. పండుగల ముందు నెలంతా పని ఉంటుంది, మిగతా నెలల్లో ఇరవై నాలుగు రోజులు దొరికితే గొప్ప. వానాకాలం మరీ తక్కువ. అంటే నెలకు పన్నెండు వేలు. ఆమె రాళ్ళ పని మీద రోజుకు నూరు, నూట ఇరవై రూపాయలు వస్తాయి. అంటే మరో రెండున్నర, మూడు వేలు. నాలుగున్నర వేల అద్దె అంటే అతని తొమ్మిది రోజుల కూలి. ఏడు వేలంటే పద్నాలుగు రోజులు. నెలలో అతను చేసే ఇరవై నాలుగు రోజుల పనిలో పద్నాలుగు రోజులు పడుకునే చోటు కోసమే పోతాయి. మిగిలిన పది రోజుల కూలి, ఆమె సంపాదన కలిపి ఐదుగురి తిండి, బట్ట, మందు, ఫీజు.

"కార్ఖానాలో కూలి ఎంత పెరిగింది?" అన్నాను.

"మూడేళ్ళ క్రితం నాలుగు వందల యాభై" అన్నాడు.

అదే మూడేళ్ళలో ఈ వీధి అద్దెలు ఏమయ్యాయో మా వెనుక పోర్షనే చెబుతుంది. అందులో పాత కుటుంబం నిరుడు ఖాళీ చేసింది. ఇప్పుడు ఐదుగురు పరాయి రాష్ట్రపు కుర్రవాళ్ళు ఉంటున్నారు. బ్యాగుల కార్ఖానాలో పని. ఏడు వేలను ఐదుగురు పంచుకుంటే మనిషికి పద్నాలుగు వందలు. భార్యాబిడ్డలతో ఒకే సంపాదన మీద బతికే మనిషి ఆ ఐదు సంపాదనలతో వేలంలో ఎలా నిలబడగలడు? బజారుకు దగ్గరగా ఉన్న గది గోదాముకు, కార్ఖానాకు కూడా కావాలి. వాళ్ళూ అడుగుతారు. "అయితే దూరం పోవచ్చు కదా" అంటే, రాళ్ళ పని ఇచ్చే దళారి ఉదయం బుట్ట ఇచ్చి సాయంత్రం తీసుకుపోతాడు. సందు దాటి పోయిన ఆడవాళ్ళకు ఆ బుట్ట రాదు. రెండు వందల యూనిట్ల లోపు కరెంటు బిల్లు లేకపోవడం వాళ్ళకు ఊరటేనని అనుకున్నాను. ఆమె నవ్వింది. "బిల్లు పోయిన సంవత్సరమే చుట్టుపక్కల అద్దెలు ఐదు వందలు పెరిగాయి మౌలానా సాబ్. మీరే మరిచిపోయారు" అంది.

లేచి రాబోతుండగా ఆమె ఒక మస్అలా అడిగింది. పాత నగరంలో 'గిర్వీ' మీద ఇల్లు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. రెండు, మూడు లక్షలు ఒకేసారి యజమానికి ఇస్తారు. అద్దె ఉండదు. గడువు తీరాక యజమాని ఆ సొమ్ము తిరిగి ఇస్తాడు, వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారు. "మా తమ్ముడు దుబాయి నుండి రెండు లక్షలు సర్దుతానన్నాడు. మీ ఇల్లు మాకు గిర్వీకి ఇవ్వండి. నెలనెలా ఈ బాధ తప్పుతుంది" అంది.

ఇది నాకు బాగా తెలిసిన విషయం. ఆ రెండు లక్షలు నిజానికి అప్పు. ఇల్లు దానికి తాకట్టు. అప్పిచ్చినందుకు బదులుగా తాకట్టు ఇంట్లో ఉచితంగా ఉండడమంటే అప్పు మీద లాభం పొందడమే, అంటే వడ్డీయే అవుతుంది. ఉలమాలు దీన్ని అనుమతించరు. కావాలంటే సాధారణ అద్దె నిర్ణయించుకుని, అడ్వాన్సు వేరుగా పెట్టుకోవాలి. ఇదంతా వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అయితే హలాల్ అయినది ఏడు వేలది ఒక్కటేనా?" అని అడిగింది.

తరగతిలో విద్యార్థి ఇలా అడిగితే తర్కంలో ఎక్కడ జారాడో చూపించగలను. ఆమె ఎక్కడా జారలేదు. నేను సాయంత్రం మళ్ళీ వస్తానని కూడా అనకుండా, రెండు రోజుల్లో చెబుతానని మాత్రం అని బయటికి వచ్చాను. మా అమ్మాయి కోసం కొన్న గాజులు చేతిసంచిలోనే ఉన్నాయి. ఆమెకు ఆ జతకు ఎంత ముట్టి ఉంటుందో అడగాలని అనుకుని కూడా అడగలేదు.

మరునాడు షాహీన్‌నగర్ వెళ్ళాను. మా వెనుక పోర్షన్ ఖాళీ చేసిన కుటుంబం అక్కడే ఉందని, నా పూర్వ విద్యార్థి ఒకడు ఆ ప్రాంతపు మస్జిద్‌లో ఇమామ్ అని తెలిసి వెళ్ళాను. చార్మినార్ నుండి షా అలీ బండ, అలియాబాద్, ఫలక్‌నుమా దాటి చాంద్రాయణగుట్ట చేరేసరికే గంట పట్టింది. అక్కడి నుండి బార్కాస్ పక్కగా, పహాడీషరీఫ్ వైపు పోయే రోడ్డు. బార్కాస్ అంటే నిజాం కొలువులోని అరబ్బు సైనికుల బ్యారక్‌లు. ఉద్యోగంతోపాటు నివాసం కూడా ప్రభువే ఇచ్చిన రోజుల పేరు అది. దాన్ని దాటిన తరువాత వచ్చే కాలనీలన్నీ అద్దె భరించలేక నగరం వదిలిన వాళ్ళవి, లేదా అరవై, డెబ్బై గజాల స్థలం కొనుక్కుని రేకుల గది వేసుకున్న వాళ్ళవి. ఇక్కడ గది అద్దె మూడున్నర, నాలుగు వేలు. ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది, పిల్లలు ఆడుకునే చోటు ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే ఇక్కడి తక్కువ అద్దెకూ కారణం ఉంది. 2020 అక్టోబరు వానలకు బుర్హాన్ ఖాన్ చెరువు పొంగి పక్కనున్న ఉస్మాన్‌నగర్ ఇళ్ళలోకి వచ్చింది. నెలల తరబడి ఆ నీళ్ళు తగ్గలేదు. తాలాబ్‌కట్టలో చెరువు పోయి ఇళ్ళు వచ్చాయి, ఇక్కడ ఇళ్ళలోకి చెరువు వచ్చింది.

మా పాత అద్దెదారు ఇప్పటికీ మదీనా దగ్గర బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పదమూడు వేల జీతం. ఇక్కడ అద్దెలో నెలకు రెండు వేలు కలిసివచ్చింది. రానుపోను ఆటోకు, బస్సుకు రోజుకు అరవై రూపాయలు. ఇరవై ఆరు రోజులకు పదిహేను వందల అరవై. భార్య రాళ్ళ పని పోయింది. రాత్రి దుకాణం మూసి ఇల్లు చేరేసరికి పదకొండు. "పిల్లలు నిద్రలో ఉండగా వెళతాను, నిద్రలో ఉండగా వస్తాను" అన్నాడు. రెండు వేలు ఆదా చేయడానికి అతను మూడు వేల దాకా ఖర్చు చేస్తున్నాడు. ఆ మాట నేను లెక్క వేసి చెప్పలేదు. అతనికి తెలుసు.

నా విద్యార్థి అసర్ తరువాత నన్ను మస్జిద్‌లోనే కూర్చోబెట్టాడు. మస్జిద్ కమిటీ ఇచ్చేది తొమ్మిది వేలు, ప్రభుత్వ గౌరవ వేతనం ఐదు వేలు. పిల్లలకు ఇళ్ళ వద్ద ఖుర్ఆన్ చెబితే మరికొంత. అద్దె నాలుగు వేలు. "ఉస్తాద్, మీరు ఇజారా చెప్పేటప్పుడు ఉజ్రతె మిస్ల్ గురించి చాలా వివరించేవారు. ఇక్కడికి వచ్చాక దాని గురించే ఎక్కువ అడుగుతారు" అన్నాడు. ఉజ్రతె మిస్ల్ అంటే అటువంటి ఇంటికి, అటువంటి పనికి ఆ ఊళ్ళో నడిచే న్యాయమైన రేటు. ఒప్పందం చెడితే ఖాజీ దాన్ని బట్టి తీర్పు ఇస్తాడు. వక్ఫ్ ఇంటిని అంతకు తక్కువకు ఇవ్వడానికి వీల్లేదు. "తాలాబ్‌కట్టలో ఇంటి ఉజ్రతె మిస్ల్ ఏడు వేలు అయితే, గాజుల పనివాడి ఉజ్రతె మిస్ల్ ఐదు వందలే అయితే, ఈ రెండిట్లో మనం దేన్ని న్యాయం అంటాం ఉస్తాద్?" అని అడిగాడు. రెండూ బజారు చెప్పిన రేట్లే, రెండూ షరీఅత్ దృష్టిలో చెల్లే ఒప్పందాలే అన్నాను. పనివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఆదేశాన్ని ఆ కార్ఖానా యజమాని పాటిస్తాడు, ఏ శనివారమూ ఆలస్యం చేయడు. చెమట ఆరకముందే వచ్చిన ఆ కూలి అద్దె తారీఖుకు ముందే అయిపోతుంది. భార్యకు నివాసం సమకూర్చడం భర్త మీద నఫఖాలో భాగమని కూడా నేనే బోధిస్తాను. ఆ నివాసపు వెల అతని సంపాదనలో సగానికి పైన ఉన్నప్పుడు ఏం చెప్పాలో ఆ అధ్యాయంలో వెతకడం నా సెలవుల పనిగా పెట్టుకున్నాను. ఇంకా దొరకలేదు.

రాత్రి జిద్దాకు ఫోను చేశాను. పెద్ద బావమరిది కఠినుడని పాఠకులు అనుకోకూడదు. సౌదీ ప్రభుత్వం 2017 నుండి అక్కడ ఉండే విదేశీయుల భార్యాపిల్లలకు తలకు నెలకు నూరు రియాళ్ళ చొప్పున రుసుము విధించి, ఏటా పెంచుతూ 2020 నాటికి నాలుగు వందలు చేసింది. నలుగురికి కట్టలేక ఆయన కుటుంబాన్ని వెనక్కి పంపారు. వాళ్ళిప్పుడు టోలీచౌకీలో పద్దెనిమిది వేల అద్దె ఇంట్లో ఉన్నారు. ఆ ఇంటి యజమాని మొన్ననే రెండు వేలు పెంచాడు. "నేను కూడా అద్దెదారునే భాయ్. అక్కడ పెంచితే ఇక్కడ పెంచకుండా ఎలా?" అన్నారు. దానికీ నా దగ్గర జవాబు లేదు. తాలాబ్‌కట్ట గాజుల పనివాడి వేళ్ళు టోలీచౌకీ యజమాని దాకా అద్దె కడుతున్నాయని మాత్రం నాకు అర్థమైంది.

తరువాత ఆయన మరో ఉపాయం చెప్పారు. "రెండు నెలల బాకీ తొమ్మిది వేలు మాఫీ చేసేద్దాం. నా జకాత్‌లో లెక్క వేసుకుంటాను." రమజాన్ వస్తోంది గనుక ఈ విషయం పాఠకులకు కూడా ఉపయోగపడుతుంది. పేదవానిపై ఉన్న బాకీని వదిలేసి దాన్నే జకాత్‌గా లెక్కించుకోవడం మన హనఫీ ఫిఖ్హ్‌లో చెల్లదు. జకాత్ సొమ్ము హక్కుదారు చేతికి అందాలి, ఆమె దానికి పూర్తి యజమాని కావాలి. ఆ తరువాత ఆమె ఇష్టపడి బాకీ తీరిస్తే పుచ్చుకోవచ్చు. "తీరుస్తుందని హామీ ఏమిటి?" అన్నారు. ఏ హామీ లేదన్నాను. ఆ డబ్బుతో ఆమె పిల్లవాడి ఫీజు కట్టినా మన జకాత్ నెరవేరుతుందని చెప్పాను. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. చివరకు తొమ్మిది వేలు పంపిస్తానన్నారు. అద్దె ఏడు వేలు కాదు, ఆరు వేలకు ఒప్పుకున్నారు.

నా భార్యకు కర్నూలుకు ఫోను చేసి చెప్పాను. నాలుగున్నర నుండి ఆరుకు పెరిగేది పదిహేను వందలు. అందులో ఆరవ వంతు రెండు వందల యాభై. "నా వాటా పెంపు నాకొద్దు. ఆ రెండు వందల యాభై తగ్గించి రాయండి" అంది. పూనాలోని వదినగారిని అడగమనలేదు, నేనూ అడగలేదు. ఆమె ఇంటి ఖర్చులు ఆమెకుంటాయి.

మూడవ రోజు మళ్ళీ తాలాబ్‌కట్టకు వెళ్ళాను. జకాత్ ఇచ్చే ముందు ఆమె దగ్గర బంగారం, నగదు ఎంత ఉన్నాయో అడగవలసి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఈ మస్అలా చెప్పినవాణ్ణి, ఆ ఇంట్లో అడగడానికి సిగ్గుపడ్డాను. ఆమెకే అర్థమై, చెవుల కమ్మలు చూపించి, "ఇవి ఒక్కటే మౌలానా సాబ్. మిగతావి ఈ ఇంటి అడ్వాన్సుకే పోయాయి" అంది. తొమ్మిది వేలు ఆమె చేతికి ఇచ్చి, ఇది మీ సొంతం, దీనికి అద్దెతో సంబంధం లేదు అని చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి, కాసేపటికి వచ్చి, నాలుగున్నర వేలు లెక్కపెట్టి నా ముందు పెట్టింది. ఒక నెల బాకీ. మిగతా సగం సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పు వ్యవహారాలను రాసుకోమని దివ్య ఖుర్ఆన్ ఆదేశం. అద్దెను కూడా రాసుకోవడం మంచిదని నేను ఎప్పుడూ చెబుతాను. పెద్దవాడి నోటు పుస్తకం నుండి ఒక కాగితం చింపి ఉర్దూలో ఒప్పందం రాశాను. పండుగ తరువాతి నెల నుండి అద్దె 5,750 రూపాయలు. ఒక నెల బాకీ మూడు వాయిదాలు. గడువు ఒక సంవత్సరం. అతను సంతకం చేసే ముందు వేళ్ళ మీద ఏదో లెక్కించాడు.

"పదకొండున్నర రోజులు" అన్నాడు.

కాగితాన్ని పిల్లవాడు గట్టిగా చదివి వినిపించాడు. గడువు తీరేది మళ్ళీ షాబాన్‌లోనే. అప్పుడూ నాకు సెలవులే.